ఇన్వాయిస్‌లో అకౌంట్ నంబర్ మార్చేశారు, పంపింది మేం కాదని ఎలా చూపించాలి?

మిర్చిఘాటు_తేజ
మాది గుంటూరు, మిర్చి వ్యాపారం. యార్డులో కొని, గ్రేడింగ్ చేయించి బయటి రాష్ట్రాలకు పంపుతాం. పదకొండేళ్లుగా మా సరుకు తీసుకుంటున్న ఒక పార్టీకి పోయిన వారం 120 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి పంపి, మెయిల్‌లో ఇన్వాయిస్ పెట్టాం. రెండు రోజులకి మా పేరుతోనే వాళ్లకి ఇంకో మెయిల్ వెళ్లింది. "మా బ్యాంకులో ఆడిట్ నడుస్తోంది, ఈసారికి ఈ అకౌంటులో వేయండి" అని. దానికి తగిలించిన పీడీఎఫ్ అచ్చం మాదే. లెటర్‌హెడ్, నాన్నగారి సంతకం, స్టాంపు, జీఎస్టీ నంబరు, కిలోల లెక్క అన్నీ మావే. అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మాత్రం ఎవడివో. వాళ్లు 7,36,000 వేసేశారు.

ఇప్పుడు వాళ్లు "మీరు చెప్పిన అకౌంటుకే వేశాం, మా బాకీ తీరింది" అంటున్నారు. మేం పంపలేదు మొర్రో అన్నా వినడం లేదు. నాన్నగారికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. డబ్బు సంగతి అలా ఉంచండి, పదకొండేళ్లుగా ఫోన్లో మాట మీద నడిచిన బేరం ఇది.

మా తమ్ముడి ఫ్రెండ్ ఒకడు "పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ వాడితే ఒక్క అంకె మారినా పట్టుకోవచ్చు" అన్నాడు. నిజమేనా? మాలాంటి కొట్టువాళ్లకి అయ్యే పనేనా?

కృష్ణలంక_కిరణ్
కీల సంగతి తర్వాత చూద్దాం అన్నా. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారా? ఆ డబ్బు ఇంకా ఆ అకౌంటులోనే ఉంటే ఆపగలరు. ప్రతి గంటా ముఖ్యమే.

మిర్చిఘాటు_తేజ
తెలిసిన రోజే చేశాం తమ్ముడూ. పార్టీ వాళ్ల చేత కూడా ఫిర్యాదు పెట్టించాం. కొంత ఆగింది, మిగతాది అప్పటికే చేతులు మారింది.

పట్నంబజార్_ప్రసాద్
పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ పెట్టి పంపండి, గొడవ వదిలిపోతుంది. మా కొట్లో అదే చేస్తాం.

సర్వర్‌రూమ్
ప్రసాద్ గారూ, పాస్‌వర్డ్ వల్ల వదలదు. పాస్‌వర్డ్ పని, దారిన పోయేవాడు లోపల చూడకుండా ఆపడం. దొంగ తను సొంతంగా తయారుచేసిన పీడీఎఫ్‌కి తనే పాస్‌వర్డ్ పెట్టి, అదే మెయిల్‌లో రాసి పంపితే? పార్టీ తెరుచుకుంటారు, డబ్బు వేస్తారు. తేజ గారికి కావలసింది రహస్యం కాదు. "ఇది ఫలానావాళ్లు పంపినదే, పంపాక ఎవరూ వేలు పెట్టలేదు" అని తేలాలి. రహస్యం వేరు, ఇది వేరు. ఈ రెండూ కలిపేస్తే ఇక అంతా కలగాపులగం అయిపోతుంది.

బ్రాడీపేట_4/7
హ్యాష్ సరిపోదా? అంటే ఫైల్ మొత్తాన్ని బట్టి లెక్కకట్టి తీసే చిన్న గుర్తు. షా-256 పద్ధతిలో తీసి మెయిల్ కిందే రాసేయడం. ఫైల్‌లో ఒక్క చుక్క మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. డౌన్‌లోడ్లు నేను అలాగే సరిచూసుకుంటా.

సర్వర్‌రూమ్
ఫైల్ మార్చగలిగినవాడు మెయిల్ కింద ఉన్న హ్యాష్ మార్చలేడా? కొత్త పీడీఎఫ్‌కి కొత్త హ్యాష్ తీసి అక్కడ పెడతాడు. తీయడానికి ఏ రహస్యమూ అక్కర్లేదు కదా.

2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి జరిగింది గుర్తుందా? వాళ్ల వెబ్‌సైట్‌లోకి చొరబడి, డౌన్‌లోడ్ లింకును దొంగ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్) వైపు తిప్పేశారు. సైట్ వాడి చేతిలో ఉన్నప్పుడు, అదే పేజీలో ఉన్న హ్యాష్‌ని నమ్మి ఏం లాభం? హ్యాష్ ఒక దారిన, ఫైల్ ఇంకో దారిన రావాలి. లేదా హ్యాష్ మీద ఇంకెవరూ వేయలేని సంతకం ఉండాలి. పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ అవసరం వచ్చేది ఇక్కడే.

పట్నంబజార్_ప్రసాద్
సంతకం, స్టాంపు ఆ దొంగ పీడీఎఫ్ మీద కూడా ఉన్నాయిగా మరి. ఏం ఆగింది?

లెక్కల_మాస్టారు
ప్రసాద్ గారు అసలు ప్రశ్న వేశారు. కాగితం మీద మనం పెట్టే సంతకం అన్ని కాగితాల మీదా ఒకటే. అందుకే ఒకచోట కత్తిరించి ఇంకోచోట అతికించొచ్చు. డిజిటల్ సంతకం అలా కాదు, ప్రతి పత్రానికీ వేరే సంతకం పుడుతుంది. లోపల రాసినదాన్ని బట్టి సంతకం మారుతుంది. ఇది ఒంటబట్టాలంటే ఒక చిన్న లెక్క చేయాలి. కాగితం, పెన్ను తీసుకోండి. టెన్షన్ వద్దు, ఏడో తరగతి లెక్కే.

తేజ బాబు వాళ్ల అకౌంట్ నంబరు 1021 అనుకుందాం. అంకెలు కూడండి: 1+0+2+1 = 4. ఇది మన బొమ్మ హ్యాష్.

తేజ దగ్గర రెండు తాళంచెవులు ఉన్నాయి. ఒకటి అందరికీ చెప్పేది, పబ్లిక్ కీ: 33, 3. రెండోది ప్రాణం పోయినా చెప్పనిది, ప్రైవేట్ కీ: 7.

సంతకం ఎలా పెడతాడు? 4ని ఏడుసార్లు వేసి గుణిస్తాడు. 16384 వస్తుంది. దాన్ని 33తో భాగిస్తే శేషం 16. ఆ 16 సంతకం. ఇన్వాయిస్‌తో పాటు 16 కూడా పంపుతాడు.

అవతలి పార్టీ ఏం చేస్తారు? వాళ్లకి 7 తెలియదు, తెలియనక్కర్లేదు. 16ని మూడుసార్లు వేసి గుణిస్తారు: 4096. 33తో భాగిస్తే శేషం 4. ఇప్పుడు ఇన్వాయిస్‌లో ఉన్న అకౌంట్ అంకెలు కూడతారు. అదీ 4. సరిపోయింది.

దొంగ మధ్యలో 1021ని 1026 చేశాడు. అంకెలు కూడితే 9. సంతకం నుంచి వచ్చింది 4. దొరికిపోయాడు! పాత ఇన్వాయిస్ మీది 16ని కత్తిరించి దీని మీద అతికిస్తే కుదరదు. 9కి సరిపడే సంతకం కావాలంటే 7 తెలియాలి.

7తో వేసిన ముడిని 3 విప్పుతుంది, కానీ 3 చేతిలో ఉన్నవాడు ఆ ముడి మళ్లీ వేయలేడు. ఇలా రెండు వేర్వేరు కీలు వాడొచ్చన్న ఆలోచనను డిఫీ, హెల్మన్ 1976లో అచ్చువేశారు. నేను పైన చేసిన లెక్క పద్ధతి రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ 1977లో కనిపెట్టింది. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలే ఆర్ఎస్ఏ.

ఆటోనగర్_అలీ
మాస్టారూ, మీ లెక్క మా అమ్మాయికి చూపించా. పదో తరగతి. గంటసేపు కాగితం మీద కుస్తీ పట్టి "అబ్బా, 9కి సంతకం దొరికింది, 15" అంది. 15ని మూడుసార్లు గుణిస్తే 3375, 33తో భాగిస్తే శేషం 9. ఏడు వాడనే లేదు, 1 నుంచి వరసగా వేసుకుంటూ పోయిందంట. అంటే దొంగ కూడా ఇలా చేయొచ్చుగా?

లెక్కల_మాస్టారు
అలీ గారూ, ఆ పిల్లకి నా తరఫున ఒక పెద్ద డెయిరీమిల్క్ కొనిపెట్టండి. నేను చెప్పకుండా దాచిన లోపాన్ని పట్టుకుంది!

33 చిన్న సంఖ్య కాబట్టి దొరికింది. 33 అంటే 3 × 11 అని ఎవరైనా చెబుతారు. ఆ రెండూ తెలిస్తే 3 నుంచి 7ని రాబట్టడం తేలికే. అసలు కీలలో ఆ 33 స్థానంలో ఉండే సంఖ్య 2048 బిట్లు, అంటే 617 అంకెలు. అది ఏ రెండింటి లబ్ధమో విడగొట్టాలి. 250 అంకెల సంఖ్యని విడగొట్టింది 2020 ఫిబ్రవరిలో, అది కూడా పెద్ద కంప్యూటర్ల గుంపులతో. ఒక్కో అంకె పెరిగేకొద్దీ పని ఎంత పెరుగుతుందో అమ్మాయినే ఊహించమనండి. వరసగా వేసుకుంటూ పోతే మనవల మనవలకి కూడా తెమలదు.

బ్రాడీపేట_4/7
ఇంకో లోపం కూడా ఉంది మాస్టారూ. దొంగ 1021ని 1026 చేయకుండా 2011 చేస్తే? అంకెల మొత్తం అప్పుడూ 4. సంతకం 16 సరిపోతుంది, డబ్బు దొంగకి పోతుంది. కీ జోలికే పోలేదు వాడు.

లెక్కల_మాస్టారు
అవును. కీ ఎంత గట్టిదైనా హ్యాష్ నాసిరకమైతే సంతకం నిలబడదు. అంకెలు కూడటం నాసిరకం హ్యాష్. ఒకప్పుడు అందరూ నమ్మిన ఎండీ5 అనే హ్యాష్‌లో రెండు వేర్వేరు సందేశాలకి ఒకే హ్యాష్ వచ్చేలా చేయొచ్చని చైనా పరిశోధకులు 2004లో చూపించారు. 2017లో షా-1 అనే ఇంకో హ్యాష్ వంతు వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధన సంస్థ సీడబ్ల్యూఐ, గూగుల్ కలిసి లోపల బొమ్మ వేరుగా ఉన్న రెండు పీడీఎఫ్‌లకి ఒకే షా-1 తెప్పించారు. తేజ బాబు బాధ కూడా పీడీఎఫ్‌తోనే కదా, అందుకే చెబుతున్నా. షా-256కి అలాంటి జత ఇంతవరకు ఎవరూ చూపలేదు. ఇప్పుడు సంతకాల్లో వాడేది అదే.

సర్వర్‌రూమ్
మాస్టారి లెక్కకి ఒక్క మాట కలుపుతా. "ప్రైవేట్ కీతో లాక్ చేయడమే సంతకం" అని చాలా కాలేజీ నోట్సుల్లో రాస్తారు. ఆర్ఎస్ఏ లెక్క చూడ్డానికి అలా కనిపిస్తుంది కానీ అన్ని పద్ధతులూ అలా ఉండవు. ఎలిప్టిక్ కర్వ్ సంతకాల్లో "విప్పడం" అనేదే లేదు, సరిపోయిందా లేదా అన్న జవాబు ఒక్కటే వస్తుంది. ఇంకోటి, సంతకం పెట్టినంత మాత్రాన ఇన్వాయిస్ దాగదు. ఎవరైనా చదువుకోవచ్చు. మార్చితే మాత్రం దొరుకుతారు.

పట్నంబజార్_ప్రసాద్
అయితే మనకి ప్రభుత్వం వాళ్లు ఎప్పుడో పెట్టేశారుగా! టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, అది డిజిటల్‌గా సంతకం చేసిందే అని మా ఆడిటర్ చెప్పారు. తేజ గారి బిల్లు మీద క్యూఆర్ లేదా?

మిర్చిఘాటు_తేజ
ఉంది ప్రసాద్ గారూ. దొంగ పీడీఎఫ్ మీద కూడా అదే క్యూఆర్ ఉంది. స్కాన్ చేసి చూశాం, సరైనదే అని వచ్చింది! పార్టీ వాళ్లు అదే చూపించి మమ్మల్ని అడుగుతున్నారు, ఏం చెప్పాలో తెలియలేదు.

ఆడిట్_సుధ
చెప్పాల్సింది చాలా ఉంది. నేను గవర్నర్‌పేటలో ఒక ఆడిట్ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నా, రోజూ ఇవే బిల్లులు.

ఆ క్యూఆర్‌లో ఉండేవి ఇవి: అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు, కొన్నవాళ్ల జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం విలువ, ఎన్ని ఐటమ్‌లు, ముఖ్యమైన సరుకు హెచ్ఎస్ఎన్ కోడ్, ఐఆర్ఎన్ (ఒక్కో బిల్లుకి వేరుగా ఉండే ఈ-ఇన్వాయిస్ నంబరు). ప్రభుత్వ ఈ-ఇన్వాయిస్ పోర్టల్ సంతకం పడింది వీటి మీదే. బ్యాంకు అకౌంట్ నంబరు అందులో లేదు. మీ బిల్లు కింద అచ్చయిన అకౌంట్ నంబరుకీ ఆ క్యూఆర్‌కీ ఏ సంబంధమూ లేదు. దొంగ మార్చింది సరిగ్గా సంతకం పడని చోటు. అందుకే క్యూఆర్ సరైనదే అని వచ్చింది, రావాలి కూడా. పార్టీకి ఆ ఫీల్డులు ఒక్కొక్కటీ చదివి వినిపించండి, అకౌంట్ ఎక్కడుందో చూపించమనండి.

ఇంకో ప్రశ్న. మీది ప్రైవేట్ లిమిటెడా? అయితే మీ నాన్నగారి పేరు మీద డీఎస్‌సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) టోకెన్ ఉండి తీరాలి. ఎంసీఏ (కంపెనీ వ్యవహారాల శాఖ) పనులు అది లేకుండా అవ్వవు, జీఎస్టీ పనుల్లోనూ వాడతాం. మాస్టారు చెప్పిన ఆ 7 ఉండేది అందులోనే.

మిర్చిఘాటు_తేజ
ప్రైవేట్ లిమిటెడే మేడం. నాన్నగారిని అడిగితే "ఆ పెన్‌డ్రైవ్ లాంటిదా? అది ఆడిటర్ గారి దగ్గరే ఉంటుందిరా, కొన్నప్పటి నుంచి" అన్నారు. నేను ఇంతవరకు కళ్లతో చూడలేదు.

సర్వర్‌రూమ్
ఇది చదివి మనసు చివుక్కుమంది. ఆ టోకెన్‌లోని కీ టోకెన్ లోపలే పుడుతుంది, బయటికి కాపీ తీయడానికి వీల్లేకుండా చేస్తారు. ఇంత కట్టుదిట్టం చేసేది ఆ సంతకం ఆ మనిషి ఒక్కడే పెట్టగలగాలని. మనమేమో ఆ టోకెన్ తీసుకెళ్లి, పిన్ చీటీ అంటించి ఇంకొకరి సొరుగులో పడేస్తాం. ఐటీ చట్టం 2000, సెక్షన్ 42 చదవండి. ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాల్సింది సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో వాళ్లే. రేపు ఎవరో ఏ కాగితం మీదో సంతకం వేస్తే, కోర్టులో ముందు మీ నాన్నగారే వేశారనుకుంటారు.

ఆడిట్_సుధ
సర్వర్‌రూమ్ గారూ, చట్టం మాకూ తెలుసు. జీఎస్టీ రిటర్న్ గడువు రోజు, ఇరవయ్యో తారీకు రాత్రి పదకొండు గంటలకి పోర్టల్ మొరాయిస్తూ ఉంటే, క్లయింట్ పెళ్లిలో ఉండి ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలో కూడా చట్టమే చెబితే బాగుండు. మా సొరుగులో అరవై పైచిలుకు టోకెన్లు ఉన్నాయి. ఒక్కటీ మేం అడిగి తీసుకున్నది కాదు. "మీ దగ్గరే ఉంచండమ్మా, మేం పోగొట్టుకుంటాం" అని వాళ్లే చేతిలో పెట్టి వెళతారు. ఒక్కోదానికీ పేరు చీటీ కట్టి, తాళం వేసి, ఎవరు ఎప్పుడు తీశారో రిజిస్టర్ రాస్తాం. నమ్మకంగా పనిచేసేవాళ్లని దొంగల్లా చూడకండి.

సర్వర్‌రూమ్
మీ నిజాయితీని అనుమానించలేదు సుధ గారూ, అలా ధ్వనిస్తే క్షమించండి. కానీ అరవై మంది సంతకాలు ఒక్క సొరుగులో ఉండటం మీకే ప్రమాదం. ఆ సొరుగు తాళం పోతే నింద పడేది మీ మీదే.

కృష్ణలంక_కిరణ్
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మా బాబాయి కాంట్రాక్టరు, టెండర్లు వేస్తాడు. టోకెన్ తన దగ్గరే ఉంచుకుని, అవసరమైనప్పుడు ఆడిట్ ఆఫీసుకి తనే వెళ్లి పిన్ కొట్టి వస్తాడు. నెలకి రెండు మూడుసార్లు బండేసుకుని వెళ్లాలి, అంతే.

ఆడిట్_సుధ
మీ బాబాయి లాంటి క్లయింట్లు పదిమంది ఉంటే ఆ సొరుగే అక్కర్లేదు. తేజ గారూ, మీరు మాత్రం రేపే వెళ్లి తెచ్చుకోండి. పిన్ కూడా మార్చండి. సర్టిఫికెట్ గడువు కూడా చూసుకోండి, ఎక్కువలో ఎక్కువ మూడేళ్లే ఉంటుంది.

సర్వర్‌రూమ్
అసలు గొడవకి వద్దాం. "పంపింది మేం కాదు" అని చూపించే దారి ఒకటి ఉంది. పార్టీ వాళ్లని ఆ దొంగ మెయిల్ ఫార్వర్డ్ చేయమనొద్దు, స్క్రీన్‌షాట్ కూడా వద్దు. మెయిల్‌ని ఫైల్‌గా డౌన్‌లోడ్ చేసి పంపమనండి. జీమెయిల్‌లో అయితే "షో ఒరిజినల్" అని ఉంటుంది. అందులో డీకిమ్ అనే వరస చూడాలి.

డీకిమ్ కూడా ఇదే సంతకం కథ. మెయిల్ బయల్దేరేటప్పుడు పంపినవాళ్ల సర్వర్ తన ప్రైవేట్ కీతో సంతకం వేస్తుంది. పబ్లిక్ కీ ఆ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) డీఎన్ఎస్‌లో, అంటే ఇంటర్నెట్ పేర్ల చిట్టాలో, అందరికీ కనిపించేలా ఉంటుంది. అందుకున్న సర్వర్ దాన్ని తెచ్చుకుని సరిచూసి పాస్ లేదా ఫెయిల్ అని రాస్తుంది. మీకు తెలియకుండా ఇది రోజూ జరుగుతూనే ఉంటుంది.

మిర్చిఘాటు_తేజ
తెప్పించా. డీకిమ్ పాస్ అని ఉంది. చూడగానే నాకు కాళ్లు వణికాయి. అంటే మా దగ్గర నుంచే వెళ్లిందా?

సర్వర్‌రూమ్
కంగారు పడకండి. పాస్ పక్కన ఏ డొమైన్ పేరు ఉందో ఒక్కో అక్షరం విడివిడిగా చదవండి. మీ విజిటింగ్ కార్డు పక్కన పెట్టుకుని చదవండి.

మిర్చిఘాటు_తేజ
నాలుగుసార్లు చదివినా తేడా కనిపించలేదు. ఐదోసారి మా తమ్ముడు ఫాంట్ పెద్దది చేశాడు. మా పేరులో ఇంగ్లిష్ "ఎమ్" ఉండాల్సిన చోట "ఆర్", "ఎన్" పక్కపక్కన ఉన్నాయి. చిన్న అక్షరాల్లో రెండూ అతుక్కుని ఎమ్ లాగే కనిపిస్తున్నాయి. ఎవడో మా పేరుని పోలిన డొమైన్ కొని, అక్కడి నుంచి పంపాడు. నాన్నగారికి భూతద్దం ఇచ్చి చూపించాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

లెక్కల_మాస్టారు
చూశారా, సంతకం అబద్ధం చెప్పలేదు. ఆ డొమైన్ వాడే పంపాడని నిజమే చెప్పింది. ఆ డొమైన్ మీదో కాదో మాత్రం అది చెప్పదు. లెక్క ఎంత గట్టిదైనా, "ఈ పబ్లిక్ కీ ఎవరిది?" అన్న ప్రశ్న దగ్గర మనిషి నిలబడి చూసుకోవాల్సిందే.

సర్వర్‌రూమ్
ఇంకొకటి మిగిలింది, చెప్పడం కష్టంగానే ఉంది. మీ అసలు ఇన్వాయిస్ వాడికి ఎలా చేరింది? మీ మెయిల్ గానీ, వాళ్ల మెయిల్ గానీ ఎవరో చదువుతూ ఉండాలి. మీ మెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చూడండి.

మిర్చిఘాటు_తేజ
చూశా. "ఇన్వాయిస్", "పేమెంట్" అన్న మాటలున్న ప్రతి మెయిలూ ఎవరిదో తెలియని అడ్రస్‌కి కాపీ వెళ్లేలా ఒక ఫిల్టర్ ఉంది. మేం పెట్టింది కాదు. మా గుమాస్తా కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ ఏళ్లుగా ఒకటే, కొట్టు పేరు పక్కన 123.

నిన్న రాత్రి దీని గురించి ఇంట్లో పెద్ద చర్చ. "ఇది పార్టీకి చెప్పక్కర్లేదు, డొమైన్ తేడా ఒక్కటే చూపిద్దాం" అన్నాడు మా బావ. నాన్నగారు ఒప్పుకోలేదు. పొద్దున్నే ఫోన్ చేసి రెండూ చెప్పేశారు. అవతలివాళ్లు కాసేపు మౌనంగా ఉండి, "మేం కూడా కొత్త అకౌంటుకి వేసేముందు ఒక్క ఫోన్ కొట్టాల్సింది" అన్నారు. ఆగిన డబ్బు తిరిగి వస్తే అది పోగా మిగిలిన నష్టం చెరిసగం అనుకున్నారు.

పట్నంబజార్_ప్రసాద్
నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

కానీ ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. చివరికి "ఒక్క ఫోన్ కొట్టాల్సింది" దగ్గరికే వచ్చాంగా. ఫోన్ చేసి కనుక్కుంటే పోయేదానికి ఇంత లెక్క ఎందుకు?

బ్రాడీపేట_4/7
ఏడాదికి నాలుగు బిల్లులైతే ఫోన్ చాలు ప్రసాద్ గారూ. సీజన్‌లో రోజుకి నలభై బిల్లులు వెళతాయి. నలభై ఫోన్లు ఎవరు చేస్తారు? ఫోన్ ఒక్కసారి చేయాలి, అది కీ ఎవరిదో ఖాయం చేసుకోవడానికి. తర్వాత ప్రతి బిల్లునీ ఆ కీ చూసుకుంటుంది. వాట్సాప్‌లో 60 అంకెల సెక్యూరిటీ కోడ్ ఉంటుంది చూడండి, అదీ ఇలాంటిదే. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకసారి సరిచూసుకుంటే, మధ్యలో ఇంకొకడి కీ దూరలేదని తెలుస్తుంది. నేను మా అన్నయ్యతో తప్ప ఇంకెవరితోనూ సరిచూసుకోలేదు, ఈ చర్చ అయ్యాక పార్ట్‌నర్‌తో కూడా చూసుకుంటా.

మీసేవ_రమణ
సంతకం పెట్టిన పీడీఎఫ్ పంపే ముందు ఇది చూడండి. మా సెంటర్‌కి ఈ-ఆధార్ (అదీ డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫే) ప్రింట్ కోసం వచ్చేవాళ్లలో చాలామంది "పసుపు ప్రశ్న గుర్తు వచ్చింది, ఆకుపచ్చ టిక్ వేయించండి" అంటారు. దానర్థం సంతకం తప్పని కాదు. ఆ సర్టిఫికెట్ ఎవరి హామీతో వచ్చిందో మీ అడోబ్ రీడర్‌కి ఇంకా తెలియదని. మన దేశంలో ఆ హామీల గొలుసు పైన ఉండేది సీసీఏ ఇండియా రూట్, అంటే సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల మీద ఉండే ప్రభుత్వ అధికారి సర్టిఫికెట్. సంతకం మీద రైట్ క్లిక్ కొట్టి, సర్టిఫికెట్ తెరిచి, ఆ రూట్‌ని ట్రస్ట్ లిస్టులో చేర్చి, మళ్లీ వాలిడేట్ చేస్తే టిక్ వస్తుంది. చేర్చేముందు అది నిజంగా సీసీఏ ఇండియాదేనా అని దాని ఫింగర్‌ప్రింట్ (ఆ సర్టిఫికెట్ హ్యాష్) అంకెలు సరిచూడాలి. ఏది పడితే అది ట్రస్ట్ చేస్తే దొంగకీ టిక్ వస్తుంది.

ఇంకోటి, సంతకం సరిచూడటానికి టిక్ ఉన్న ప్రింటు కాగితం పనికిరాదు. అది బొమ్మ. సంతకం ఫైల్‌లోనే ఉంటుంది. ఫోన్‌లో వాట్సాప్ నుంచి తెరిచినా చాలా యాప్‌లు సంతకాన్ని అసలు సరిచూడవు. పార్టీ వాళ్లని కంప్యూటర్‌లోనే తెరవమనండి.

ఆటోనగర్_అలీ
రమణ గారూ, నాలుగేళ్లుగా నేను ఆ ప్రశ్న గుర్తు చూసి ఆధార్ చెల్లదేమోనని భయపడుతున్నా. ఇవాళ్టితో తీరింది.

సర్వర్‌రూమ్
ఒక హెచ్చరిక కూడా. సంతకం సరిపోయింది కాబట్టి లోపల ఉన్నదంతా మంచిదే అనుకోకండి. 2024లో ఎక్స్‌జెడ్ అనే లినక్స్ టూల్‌లో దొంగ తలుపు పెట్టినవాడు బయటివాడు కాదు. రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి, నమ్మకం సంపాదించి, విడుదల చేసే హక్కు తెచ్చుకున్నవాడు. విడుదల మీద సంతకం సక్రమంగానే ఉంది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వితే బయటపడింది.

ఆడిట్_సుధ
తేజ గారూ, టోకెన్ తెచ్చుకున్నారా?

మిర్చిఘాటు_తేజ
తెచ్చుకున్నాం మేడం. సర్టిఫికెట్‌కి ఇంకా పద్నాలుగు నెలలు ఉంది. పిన్ మార్చాం. మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చి, ఫిల్టర్ తీసేసి, ఓటీపీ పెట్టించాం.

నిన్న మొదటి బిల్లు సంతకంతో పంపాం. నాన్నగారే కూర్చుని పిన్ కొట్టారు, రెండు వేళ్లతో, ఒక్కో అంకె పైకి చదువుతూ (చదవకూడదని చెప్పాం). పార్టీ వాళ్లకి ఫోన్ చేసి, సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, సీరియల్ నంబరు చదివి వినిపించాం. వాళ్లు రాసుకున్నారు. వాళ్ల అబ్బాయి హుషారైనవాడు, "ఒకసారి చెడగొట్టి చూస్తా అంకుల్" అని ఏదో ఎడిటర్‌లో తెరిచి, అకౌంట్ నంబరులో చివరి 8ని 3 చేసి సేవ్ చేశాడు. మళ్లీ రీడర్‌లో తెరిస్తే ఎర్ర గుర్తు పడి, సంతకం చెల్లదని వచ్చింది. వీడియో కాల్‌లో చూపించాడు. నాన్నగారు ఇంకోసారి చేయమన్నారు. ఈసారి మా ఊరి పేరులో ఒక అక్షరం మార్చాడు. మళ్లీ ఎర్ర గుర్తు. వారం తర్వాత మొదటిసారి నాన్నగారు నవ్వారు.

బ్రాడీపేట_4/7
చాలా సంతోషం. ఒకటి మర్చిపోవద్దు. దొంగ సంతకాన్ని చెడగొట్టాల్సిన పనిలేదు, అసలు సంతకమే లేని పీడీఎఫ్ పంపొచ్చు. ఎర్ర గుర్తూ రాదు, ఏ గుర్తూ రాదు. కాబట్టి "సంతకం లేని బిల్లు మాది కాదు" అని పార్టీకి ముందే చెప్పి పెట్టుకోవాలి.

మిర్చిఘాటు_తేజ
మంచి మాట అన్నారు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా, మిగతా పార్టీలకి కూడా సాయంత్రం లోపు చెప్పేస్తా. అకౌంట్ మారితే మెయిల్‌తో పాటు నాన్నగారి గొంతు కూడా వినాలని ఒప్పందం చేసుకున్నాం.

ఆడిట్_సుధ
మా ఆఫీసులో ఒక కబురు. మీ కథ మా సార్‌కి చదివి వినిపించా. సోమవారం నుంచి క్లయింట్లకి ఫోన్లు చేసి టోకెన్లు వెనక్కి ఇచ్చేస్తున్నాం. ఇవాళ్టికి పదకొండు వెళ్లాయి. ఇద్దరు మాత్రం వెనక్కి తీసుకునేది లేదని మొండికేశారు.

సర్వర్‌రూమ్
సుధ గారూ, ఇది చదివాక ఈ రాత్రి హాయిగా నిద్రపడుతుంది.

ఆటోనగర్_అలీ
తేజ గారూ, ఇంతకీ ఆ టోకెన్ ఇంట్లో ఎక్కడ పెట్టారు? మా అమ్మాయి అడుగుతోంది.

మిర్చిఘాటు_తేజ
బీరువాలో పెడదామన్నా అలీ గారూ. నాన్నగారు ఒప్పుకోలేదు. గోడౌన్ తాళాల గుత్తికి కట్టి మొలకి దోపుకున్నారు.